ప్రతివాది కుర్చీ

ఆ గణిత శాఖలో ఒక ఆనవాయితీ ఉంది. ఎవరైనా కొత్త సిద్ధాంతం రుజువు చేశామంటే, పత్రికకు పంపే ముందు అందరి ఎదుటా దాన్ని నల్లబల్ల మీద రాసి చూపాలి. బల్లకు ఎదురుగా ఒక చెక్క కుర్చీ ఉంటుంది. అందులో కూర్చున్నవాడు ప్రతివాది. ప్రతి వాక్యాన్నీ శంకించడం అతని పని. అతను "సాగండి" అనేదాకా రాసేవాడు తర్వాతి వాక్యం రాయకూడదు, మిగతావాళ్లు నోరు విప్పకూడదు. ప్రతివాదికీ ఒక కట్టుబాటుంది. సందేహం అడగాలి తప్ప సాయం చేయకూడదు.

ఈసారి ఆ కుర్చీ పెద్దల్లుడికి వచ్చింది. బల్ల దగ్గర చిన్నల్లుడు.

ఇద్దరూ అక్కచెల్లెళ్ల మొగుళ్లు. ఒకప్పుడు మామగారు వాళ్లను వెతుక్కుంటూ శాఖకు వచ్చి, "మా పెద్దల్లుడేడి, చిన్నల్లుడేడి?" అని వరండా అంతా వినబడేలా అడిగాడు. ఆయన భూమి కొలిచే ఉద్యోగం చేసి రిటైరైనవాడు, గొంతు పొలం అవతలికి వినబడుతుంది. ఆ రోజు నుంచి శాఖలో వాళ్లకు అవే పేర్లు.

చిన్నల్లుణ్ణి ఆ శాఖకు తెచ్చింది పెద్దల్లుడే. మరదలి మొగుడు కదా అని సిఫారసు చేశాడు, పక్క గది ఇప్పించాడు, తను ఏళ్ల తరబడి పట్టుకు వేలాడుతున్న సమస్యను కూడా తనే పరిచయం చేశాడు. ఏకు మేకైంది. ఆ సమస్య ఇప్పుడు చిన్నల్లుడికి లొంగిందట.

మొన్న ఆదివారం మామగారింట్లో భోజనాల దగ్గర ఆ సంగతి బయటపడింది.

"అల్లుడుగారూ, ఏమిటది, మా చిన్నల్లుడు ఏదో కనిపెట్టాడట?" అన్నాడు మామగారు.

"కనిపెట్టడం కాదండీ. ఆ సిద్ధాంతం పాతదే. ఎంపిక స్వీకృతం వాడితే ఎప్పుడో రుజువైంది. అది వాడకుండా చేశాననుకుంటున్నాడు."

"అంటే?"

"లెక్కలేనన్ని పెట్టెలున్నాయనుకోండి. ఏ పెట్టే ఖాళీగా లేదు. ఒక్కోదాన్నుంచీ ఒక్కో వస్తువు తీయాలి. ఏది తీయాలో చెప్పే సూత్రం లేకపోతే, తీయగలమని ఊరికే ఒప్పుకోవాలి. ఆ ఒప్పుకోలే స్వీకృతం."

"ఇతను ఒప్పుకోకుండానే తీశాడన్నమాట. గట్టివాడే! మీరూ అదే పని మీద ఉండేవారు కదూ?"

"ఉన్నానండీ."

"పోన్లెండి, ఇంట్లోవాడికే దక్కింది."

పెద్దల్లుడు ముద్ద కంచంలోనే వదిలేసి చెయ్యి కడుక్కున్నాడు. ఇంటికొచ్చాక భార్య అడగనే అడిగింది. "వాడికి మంచి జరిగితే మీరెందుకండీ కళ్లల్లో నిప్పులు పోసుకుంటారు?"

"నేనేమన్నాను?"

"ఏమీ అనలేదు. అదే భయంగా ఉంది."

ఇప్పుడు శాఖలో బల్ల సగం నిండింది. చిన్నల్లుడు ఒక్కో వాక్యం రాసి వెనక్కి తిరిగేవాడు. పెద్దల్లుడు చదివి "సాగండి" అనేవాడు. ఆ మాట అన్న ప్రతిసారీ సొంత స్థలంలో పరాయివాడి గోడ ఒక వరస లేస్తున్నట్టుండేది.

అప్పుడు వచ్చింది ఆ వాక్యం. "ప్రతి సమీకరణానికీ సరిపడే, సహజ సంఖ్యల అంతులేని గొలుసులు కొన్ని ఉంటాయి. ఒక్కో సమీకరణానికీ అలాంటి గొలుసు ఒకటి తీసుకుందాం."

పెద్దల్లుడు కుర్చీలో ముందుకు జరిగాడు. తన పడవ బద్దలైన రాయి అదే. ఆ గొలుసులు తనకు బాగా తెలుసు, ఒకటి తీసే సూత్రం దొరక్కే తను ఆగిపోయాడు. చిన్నల్లుడు ఆ రాయిని చూడకుండానే దాటేశాడు.

"ఒకటి తీసుకుందాం అన్నావు. ఏది?"

"ఏదో ఒకటి, అన్నయ్యా."

"అన్నయ్య ఇంట్లో. ఇక్కడ ప్రతివాది."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు.

"ఏదో ఒకటి అంటే సూత్రం లేదు. సమీకరణాలు లెక్కలేనన్ని. లెక్కలేనన్ని సార్లు సూత్రం లేకుండా ఎంచుకుంటే దాన్నేమంటారు?"

చిన్నల్లుడి చేతిలో సుద్ద ఆగిపోయింది. ఆ వాక్యం చదువుకున్నాడు. పై వాక్యం చదువుకున్నాడు. మళ్లీ మొదటికొచ్చాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"ఎంపిక స్వీకృతం" అన్నాడు, వినబడీ వినబడనట్టు.

"వాడనన్నది దాన్నే కదా?"

చిన్నల్లుడు తలూపాడు. శాఖాధిపతి తలుపు వైపు చూశాడు. "టీ వచ్చేదాకా సమయం ఇద్దాం. అప్పటికీ చెప్పలేకపోతే ఎవరైనా మాట్లాడవచ్చు" అన్నాడు. అదీ ఆనవాయితీయే.

పెద్దల్లుడు వెనక్కి వాలాడు. ఎన్నాళ్లకో కడుపులో చల్లగా ఉంది. ఆ హాయిలో, పని లేని కళ్లతో, బల్ల మీద చిన్నల్లుడు రాసిన ఉదాహరణల వైపు చూశాడు. ఒకదాని కింద ఒకటి, గొలుసులు. మూడుతో మొదలయ్యేది ఒకటి, రెండుతో మొదలయ్యేవి రెండు. ఆ రెండింటిలో ఒకదానికి పక్కన అయిదు, ఇంకోదానికి నాలుగు.

నిఘంటువులో మాటల్లా ఉన్నాయి.

నిఘంటువులో మొదటి మాట ఏదో ఎవరూ ఎంచుకోనక్కర్లేదు, క్రమమే చెబుతుంది. ముందు, అన్ని గొలుసుల్లోకీ మొదటి లంకె, అంటే మొదటి సంఖ్య, చిన్నదిగా ఉన్నవి ఉంచు. వాటిలో రెండో లంకె చిన్నదిగా ఉన్నవి ఉంచు. అలా పోతూ ఉంటే ఒకే ఒక్క గొలుసు తేలుతుంది. అది సమీకరణానికి సరిపడుతుందా? సరిపడకపోతే తప్పు ఏదో ఒక లంకె దగ్గర బయటపడాలి. అక్కడిదాకా అది ఒక అసలైన గొలుసుతోనే కలిసి నడిచింది కాబట్టి బయటపడదు. సూత్రం దొరికింది. స్వీకృతం అక్కర్లేదు.

అతని కడుపులో చల్లదనం పోయింది. ఇన్నేళ్లూ అది చేతికందేంత దూరంలో ఉంది. తన కాగితాల మీద ఒక్కరోజూ కనబడలేదు, వాడి బల్ల మీద కనబడింది.

నోరు మూసుకుంటే చాలు. సాయం చేయకూడదన్నది నియమం, తను నియమం పాటిస్తున్నాడు. టీ తాగి, ఇంటికి పోయి, ఇదే ఇటుకతో తన రుజువు తను పూర్తి చేసుకోవచ్చు. తప్పు పట్టింది అందరి ఎదుటే, దిద్దుకుంది తన ఇంట్లో. ఎవరు వేలెత్తి చూపుతారు?

బయట కప్పుల చప్పుడైంది. అప్పుడే అతని చూపు రెండో వరసలో పడింది. ఎప్పుడూ చెవి మీద సుద్ద పెట్టుకుని తిరిగే లెక్చరరమ్మ, పిల్లలు సుద్దముక్క మేడం అనుకునే ఆవిడ, బల్ల మీది గొలుసులను వేలితో గాల్లో గీస్తోంది. మూడు దగ్గర ఆగింది. వదిలేసి రెండుకు పోయింది. అయిదు దగ్గర ఆగింది. నాలుగు వైపు జరిగింది.

చూసేస్తోంది! చిన్నల్లుడికి దక్కితే కనీసం ఇంట్లోవాడు. ఈవిడకెందుకు దక్కాలి? ఈవిడ ఈ సమస్య ముఖం చూసి వారం కాలేదు!

టీ ట్రే గుమ్మం దాటింది. సుద్దముక్క మేడం చెయ్యి లేవబోయింది.

"నాకింకో సందేహం!" అన్నాడు పెద్దల్లుడు. గొంతు మామగారి గొంతంత లేచింది.

అందరూ అతని వైపు తిరిగారు.

"గొలుసులన్నిటిలో మొదటి లంకె అన్నిటికన్నా చిన్నది ఏదని అడిగితే, జవాబు ఉంటుందా, ఉండదా?"

"ఉంటుంది" అన్నాడు చిన్నల్లుడు.

"వాటిలో రెండోది?"

చిన్నల్లుడు గిర్రున బల్ల వైపు తిరిగాడు. సుద్ద విరిగింది. విరిగిన ముక్కతోనే రాశాడు. అయిదు వాక్యాలు. వెనక్కి తిరిగేసరికి కళ్లు చెమర్చి ఉన్నాయి.

"ఇది సాయమండీ" అంది సుద్దముక్క మేడం, చెయ్యి దించుతూ.

"సందేహమమ్మా. చివర ప్రశ్నార్థకం ఉంది, వినలేదూ?" అన్నాడు పెద్దల్లుడు. తర్వాత బల్ల వైపు చూసి, పన్ను పీకించుకునేవాడిలా, "సాగండి" అన్నాడు.

సభ ముగిశాక చిన్నల్లుడు వరండాలో వెంటపడ్డాడు. "అన్నయ్యా, ఇద్దరి పేర్లతో పంపుదాం. ఆ అడుగు మీదే."

"నీ పెళ్లిలో నన్ను పీటల మీద కూర్చోబెడతానన్నట్టుంది. వద్దు."

"కోపమా?"

"నాకెందుకయ్యా కోపం? పని చూసుకో."

నెలల తర్వాత పత్రిక వచ్చింది. భార్య ముందు చూసింది. పేజీ అడుగున గీత కింద, చీమల బారులా ఉన్న అక్షరాల్లో, ఒక విలువైన ప్రశ్న అడిగినందుకు పెద్దల్లుడికి కృతజ్ఞతలు.

"ఇదేనా మీకు మిగిలింది? ఇద్దరి పేర్లూ వేద్దామంటే కాదన్నారట. చెల్లి చెప్పింది."

"ముష్టి నాకొద్దు."

"నాన్న ఫోన్ చేశారు. పెద్దల్లుడి పేరు కూడా ఎక్కడో ఉందట, భూతద్దం కొనాలి అన్నారు."

అతను పత్రిక తీసుకుని కిటికీ దగ్గర కూర్చున్నాడు. మొదటి వాక్యం నుంచి చివరిదాకా, ప్రతివాది చదివినట్టే చదివాడు. మళ్లీ చదివాడు. రెండోసారి, పదో పేజీలో, ఏడు అంకె ఉండాల్సిన చోట ఒకటి అంకె కనబడింది. అచ్చుతప్పు. రుజువుకు దాని వల్ల వచ్చే నష్టమేమీ లేదు.

లేచి చెప్పులు వేసుకున్నాడు.

"ఎక్కడికండీ, వంటవుతుంటే?"

"తమ్ముడింటికి. ఇప్పుడే వస్తాను" అన్నాడు పెద్దల్లుడు. పదో పేజీలో వేలు పెట్టి పత్రిక మూసి, మెట్లు రెండేసి చొప్పున దిగాడు.