తుఫాను ఆటలో తల్లి వేషం

రెండో ఆటలో పెద్దమ్మకి ఏడుపు సరిగ్గా రాలేదు. ఎండ మాడు పగలగొడుతోంది. పొద్దుటి నుంచి కడుపులో కాసిని మంచినీళ్ళు తప్ప ఏమీ పడలేదు. పైగా కొలనులో కలిపే మందు ఘాటుకి గొంతు పూడుకుపోయింది. అయినా గుండెలు బాదుకుంది, ఇసుకలో పొర్లింది, అలలు పుట్టించే యంత్రం ఆగేదాకా కేకలు పెట్టింది. ఆట ముగిశాక తెర వెనక గోనెపట్టా మీద కూలబడి తడిబట్టలు పిండుకుంటుంటే మేనేజరు వచ్చాడు.

మేనేజరు చెడ్డవాడు కాడు, అదే వచ్చిన చిక్కు. చెడ్డవాడైతే చాటుగా నాలుగు తిట్లు తిట్టుకుని ఊరుకోవచ్చు.

"పెద్దమ్మా, నీకో మంచి కబురు," అన్నాడు ముక్కాలిపీట లాక్కుని కూర్చుంటూ. "ఈ ఆట చూసి పిల్లలు బిక్కమొహాలేసుకుని బయటికెళ్తున్నారట. ఐస్‌క్రీం కూడా అడగట్లేదట. అందుకని పైవాళ్ళు ముగింపు మార్చారు. మూడో ఆట నుంచి నీ కొడుకు తిరిగొస్తాడు."

బట్టలు పిండుతున్న ఆమె చేతులు ఆగిపోయాయి.

"ఎవరొస్తారు బాబూ?"

"ఆటలో కొడుకు. మన ఈతగాడు లేడూ, అతనే. తుఫాను తగ్గగానే నీళ్ళలోంచి లేచి 'అమ్మా' అంటాడు. నువ్వు పరిగెత్తుకెళ్ళి వాటేసుకోవాలి. పాట మోగుతుంది. అంతే! ఇక నీకు ఏడుపు సగానికి సగం తగ్గినట్టే."

ఆ సముద్ర వినోదవనం గేటు పక్కన ఒక శిలాఫలకం ఉంది. వనం చరిత్రంతా దానిమీద చెక్కించారు. మొదట రేకుల షెడ్డు, సిమెంటు తొట్టి, అందులో రెండు తాబేళ్ళు. తర్వాత బంతులాడే డాల్ఫిన్లు. తర్వాత తలమీదుగా సొరచేపలు ఈదుకుంటూ పోయే గాజు సొరంగం. ఆ పైన మంచుగదిలో పెంగ్విన్లు. 'ఒకప్పుడు ఇక్కడ ఇసుక తప్ప మరేమీ లేదు' అని మొదలవుతుంది ఆ రాత. ఏమీ లేదట! పెద్దమ్మ కాపురానికొచ్చిన ఇల్లు ఆ సొరంగం కిందే ఉంది. జాలర్ల వాడకట్టు మొత్తం అక్కడే ఉండేది. డాల్ఫిన్లకి చోటు చాలలేదని ప్రహరీగోడ ముందుకి జరిగింది. జరిగి జరిగి పడవలు దించే రేవుని మింగేసింది. ఆ తర్వాత వేటకెళ్ళేవాళ్ళు గోడ చుట్టూ తిరిగి, అవతల రాళ్ళవైపు నుంచి పడవ దించుకోవాల్సి వచ్చింది. గాలివాన కొట్టిన రోజున పెద్దమ్మ కొడుకు పడవ ఆ రాళ్ళ మీదే ముక్కలైంది. చెక్కలు దొరికాయి, మనిషి దొరకలేదు. ఆ సంగతి ఫలకం మీద ఎవరూ చెక్కించలేదు.

ఆమె గోడవతల ఒడ్డున పడి ఏడుస్తుంటే, టికెట్టు కొనుక్కుని లోపలికొచ్చిన జనం డాల్ఫిన్లను వదిలేసి గోడెక్కి చూశారు. మేనేజరు కూడా చూశాడు. కొన్నాళ్ళకే తుఫాను ఆట మొదలైంది. తల్లి వేషానికి మనిషి కావాలని కబురు ఆమెకే వచ్చింది. కోడలికి జనం కూర్చునే మెట్లు ఊడ్చే పని ఇచ్చారు. ఒక టికెట్టు ఖరీదు ఆ అత్తాకోడళ్ళ నాలుగు రోజుల కూలి.

పెద్దమ్మ ఒప్పుకుంది. సిగ్గూశరం లేక కాదు, ఇంట్లో ఏడవడానికి వీల్లేక. కోడలు ఏడవనిచ్చేది కాదు.

"దొరకలేదన్నారు గానీ పోయాడన్నారా? నువ్వే శాపనార్థాలు పెడతావేంటత్తా?" అని విరుచుకుపడేది. రాత్రిళ్ళు తలుపు గడియ పెట్టనివ్వదు. మొగుడి చొక్కా ఉతికి, ఆరేసి, మడతపెట్టి, మళ్ళీ ఉతుకుతుంది. ఇంతవరకు ఆ పిల్ల కంట ఒక్క చుక్క రాలలేదు. ఏడిస్తే ఒప్పుకున్నట్టేనని భయం. నిండా పాతికేళ్ళు లేవు. ఆటలో ఏడుపుని మాత్రం "అది పని కదా" అని వదిలేసింది. అందుకని పెద్దమ్మ తన కడుపుకోతనంతా కూలికి ఏడ్చి దించుకునేది.

"బాబూ, నీ కాళ్ళు పట్టుకుంటా," అంది మేనేజరుతో. "కోడల్ని ఆ పెంగ్విన్ల గదికి మార్చు. దాని కంట ఇది పడకూడదు."

"అయ్యో పెద్దమ్మా, ఇది నిజమా ఏంటి? ఆటేగా!" అని లేచాడతను. "నీవల్ల కాదంటే చెప్పు, వాళ్ళు ఇంకో ఆవిణ్ణి చూసుకుంటారు. కానీ మీ ఇద్దరి పనీ ఒకటే కాగితం మీదుంది, నువ్వు మానేస్తే ఆ పిల్ల పనీ పోతుంది. నేను చేయగలిగింది లేదు."

కోడలు కుళాయి దగ్గర చీపురు కడుగుతోంది. పెద్దమ్మ నీళ్ళు నములుతూ విషయం చెప్పింది.

"ఎట్లా వస్తాడు? నీళ్ళలోంచేనా?" అంది కోడలు.

"ఆటేనే తల్లీ. నువ్వు మాత్రం అటు రాకు."

"తెలుసులే అత్తా. నేనేమన్నా పిచ్చిదాన్నా?" అని నవ్వింది కోడలు. నవ్వి, చీపురు గోడకి ఆనించి, తడిచేత్తో జుట్టు సర్దుకుంది. అది చూసి పెద్దమ్మ పై ప్రాణాలు పైనే పోయాయి.

తెర వెనక ఈతగాడు ఆమె కళ్ళలోకి చూడలేకపోయాడు. "ఏమీ అనుకోకు పిన్నీ. నాకూ మనసొప్పట్లేదు. మొహం చూడకు, భుజం మీద తల పెట్టేసెయ్. జనానికి అది చాలు," అన్నాడు.

మూడో ఆటకి మెట్లన్నీ నిండాయి. యంత్రం గర్జించింది, అలలు లేచాయి, పడవ తిరగబడింది. ఈసారి పెద్దమ్మకి ఏడుపు తన్నుకొచ్చింది. మెడ దగ్గర తగిలించిన మైకు ఆ ఏడుపుని నాలుగు మూలలకీ మోసింది. అలలు ఆగాయి. నీళ్ళు చీల్చుకుంటూ కుర్రాడు లేచాడు.

"అమ్మా!"

ఆటేనని తెలుసు. తెలిసీ ఆమె చేతులు వాటంతటవే ముందుకి సాగాయి. ఎన్నాళ్ళయింది ఆ పిలుపు విని! రెండడుగులు వేసేసింది కూడా. అప్పుడు తలెత్తితే కోడలు కనబడింది. చీపురు ఎక్కడో వదిలేసి, జనాన్ని తోసుకుంటూ మెట్లు దిగి వస్తోంది. మొహమంతా నవ్వు. పెళ్ళైన కొత్తలో, మొగుడి పడవ కనబడగానే వాకిట్లోకి పరిగెత్తేటప్పుడు నవ్విన నవ్వు.

ఇప్పుడు వీణ్ణి కావలించుకుంటే రేపూ కావలించుకోవాలి, ఎల్లుండీ కావలించుకోవాలి. ఈ పిచ్చితల్లి ఆటాటకీ ఇలాగే మెట్లు దిగుతుంది. కూలి పోతే పోయింది. పస్తులు కొత్తా? పెద్దమ్మ చెయ్యి చాచి కుర్రాడి తడి ఛాతీ మీద పెట్టి ఆపేసింది.

"నువ్వు మావాడివి కాదు నాయనా."

మైకులో ఆ మాట అందరికీ వినబడింది. అనుకున్న ప్రకారం పాట మొదలైపోయింది. పక్కనుంచి మేనేజరు వాటేసుకోమని సైగలు చేస్తున్నాడు. ఆమె అటు చూడలేదు, కోడలి వైపే చూసింది.

"రాలేదే అమ్మా! మనవాడు రాలేదు. ఇంక రాడు."

కోడలు ఉన్న మెట్టు మీదే ఆగిపోయింది. ఈతగాడి మొహం చూసింది, అత్త మొహం చూసింది. "అట్లా అనకత్తా," అంది మెల్లగా. ఆ వెంటనే మోకాళ్ళ మీద కూలబడి బావురుమంది. ఇన్నాళ్ళూ బిగబట్టిన ఏడుపు మైకు లేకుండానే పాటని ముంచేసింది. ముందు వరుసలవాళ్ళు వెనక్కి తిరిగారు. ఒకాయన తన పిల్లాణ్ణి బాగా కనబడాలని భుజాల మీదికి ఎత్తుకున్నాడు. ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. ఇదీ ఆటలో భాగమే అనుకుని అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

పెద్దమ్మ మెడ దగ్గరి మైకు పీకి కొలనులో పడేసి, నీళ్ళోడుతున్న బట్టలతోనే కోడలి దగ్గరికి మెట్లెక్కసాగింది. జనం పక్కకి జరిగి ఆమెకి దారిచ్చారు, చప్పట్లు మాత్రం ఆపలేదు.