మూడు వైపులా కోత

అట్లు పోసుకుంటూ అట్టలు తుడవడం త్రివేణికి పాతికేళ్ల అలవాటు. అశోక్‌నగర్‌లోని ఆ ఇంట్లో ఆమె పుస్తకాలకు దొరికిన చోటు వంటింటి అటక ఒక్కటే మరి. సాహిత్యం అటకెక్కిపోయిందని సభల్లో వాపోయే పెద్దమనుషులకు దాన్ని ఎక్కించడం ఎంత కష్టమో తెలియదు. కొంగు దోపుకుని, స్టూలు వేసుకుని, బియ్యం డ్రమ్ము పక్కకు జరిపి ఎక్కించాలి.

బషీర్‌బాగ్‌లో ఇన్సూరెన్సు ఆఫీసు నుంచి నడిచొస్తూ నారాయణగూడ, చిక్కడపల్లి పాత పుస్తకాల దుకాణాల్లో ఏరుకున్నవి అవి. ఫుట్‌పాత్ మీద పోటీపరీక్షల గైడ్ల గుట్టల అడుగు నుంచి లాక్కున్నవి కొన్ని. అన్నీ ప్రపంచ నవలలకు పాతకాలపు తెలుగు అనువాదాలే, అందులోనూ తొలి ముద్రణలే. మంచుదేశంలో అచ్చయి, ఓడెక్కి, ఉక్కపోతలోకి దిగినవీ ఉన్నాయి. పాత బొమ్మలున్న పై అట్టలతో సహా దొరికిన రోజున ఆమెకు పండగే. ప్రతి ప్రతికీ ఒక కథ, లోపల ఉన్నది కాక. "నీ కలెక్షన్ జర ఆపి కందిపప్పు కలెక్ట్ చెయ్యరాదే" అని భర్త కిషన్ రావు నవ్వేవాడు. ఆమె కూడా నవ్వేది. నవ్వడమూ ఇంటిపనే, కాకపోతే దానికి చీపురు అక్కర్లేదు.

అంబర్‌పేట్‌లో అక్క మంజులకు ఆపరేషనయితే వారం రోజులు అక్కడ వండిపెట్టి, ఆదివారం సాయంత్రం ఇంటికొచ్చింది. వంటింట్లోకి వెళ్లి చూస్తే అటక మీద స్టీలు గిన్నెలున్నాయి.

"పుస్తకాలేవి?"

"కండ్లు మూసుకో ముందు" అన్నాడు కిషన్ రావు, చిన్నపిల్లాడిలా చెయ్యి పట్టి హాల్లోకి లాక్కెళ్తూ. "పెళ్లిరోజు సర్‌ప్రైజ్! ఇగ తెరువు."

షోకేసులో బొమ్మలు లేవు. మెరూన్ రెక్సిన్ తొడుక్కుని వరసగా పుస్తకాలు, ఒక్కటే ఎత్తు, ఒక్కటే రంగు. వీపుల మీద బంగారు అక్షరాలు. ఒక్కోదాని అడుగున, కొనుక్కున్నవాళ్లు వేయించుకునే చోట, 'జి. కిషన్ రావు'.

త్రివేణి ఒకటి తీసి తెరిచింది. సైజు సమానం కావాలని మూడు వైపులా మిషన్ పెట్టి కోసేశారు. ఎవరో పాత పాఠకురాలు అంచుల్లో పెన్సిలుతో రాసుకున్న మాటలు సగంలో తెగిపోయాయి. బొమ్మల అట్టలు లేవు.

"నా అట్టలేవి?"

"గా చిరిగినయా? బైండింగాయన కాడ చెత్తల పడ్డయేమో. ఇంకా సగం బుక్కులు ఆయన కాడ్నే ఉన్నయి, రేపు కోస్తడు. ఎట్లున్నయో చెప్పవేంది?"

దివాన్ మీద నుంచి అత్తగారు రాజ్యలక్ష్మి అందుకుంది. "మొగని పేరేసిండని మూతి ముడుస్తుందిరా. ఏమే త్రివేణీ, పుస్తెల మీద నీ పేరుందానే, పుస్తకాల మీద ఉండనీకి?"

"మంచిగున్నయి" అని వంటింట్లోకి వచ్చి చపాతీపిండి కలిపింది త్రివేణి. కట్టుకున్నవాడు కట్టించిన కట్లు; కోపం తెచ్చుకుందామంటే సందు దొరకదు. మోకాలినొప్పితో స్కూటర్ మీద మోసుకెళ్లాడు. అడగకుండా చేశాడు, ప్రేమగా చేశాడు. ఈ ఇంట్లో ప్రేమకు ఆ రెండూ ఎప్పుడూ జోడే. పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు ఆమెకు వరంగల్‌కు బదిలీతో ప్రమోషనొస్తే "పిల్లలతోని పరేషాన్ అయితవు, వద్దని రాసిచ్చిన పో" అన్నాడు. అది ఒక వైపు కోత. చుట్టాల వంటలకే పోయిన ఆదివారాలు రెండో వైపు. మూడోది నవ్వు. పెళ్లికి ముందు వీధి చివరిదాకా వినిపించే నవ్వు, అత్తగారికి తలనొప్పని అంగుళాలంగుళాలుగా తగ్గింది. కొలతకు సరిపోయింది. నాలుగో వైపు కుట్టు ఉంది కాబట్టి వదిలేశారు.

పొద్దున్నే ఆఫీసుకు సెలవని చెప్పి నారాయణగూడ వెళ్లింది. బైండింగు దుకాణం ఇంకా తెరవలేదు. మెట్టు మీద కూర్చుంది. సార్ భార్యగా ఆమెను ఎరిగిన బైండింగాయన ఉప్పలయ్య వచ్చి షట్టరెత్తుతూ, "గింత పొద్దుగాలనా అక్కా? సాయంత్రానికి కోసిపెడ్త" అన్నాడు.

"కొయ్యకు అన్నా. ఉన్నయి ఉన్నట్టే ఇయ్యి."

"సార్ సైజు సమానం చెయ్యమన్నడు గద?"

"పుస్తకాలు నావి."

ఉప్పలయ్య చెయ్యి షట్టరు మీదే ఆగింది. "నీవా? సార్ ఆ ముచ్చటే చెప్పలే. ఇంట్లయంటే సార్‌వే అనుకున్న."

దాచిపెట్టి చెప్పకపోవడం కాదు. కిషన్ రావుకు తట్టనే లేదు. రాత్రంతా వెతికినా దొరకని కోపం త్రివేణికి అక్కడ, ఆ మైదాజిగురు వాసనలో దొరికింది. అరవడానికి కాదు, సంచులు ఎత్తడానికి సరిపడా.

చెత్తలోంచి నాలుగైదు అట్టలు కూడా వెతికి ఇచ్చాడు ఉప్పలయ్య. "ఇంటికి కొంచవోతే సార్ మళ్ల తెస్తడక్కా. షోకేసు సగమే నిండిందని నిన్ననే ఫోన్ చేసిండు."

నిజమే. ఆటోలో సంచుల్ని ఒళ్లో పెట్టుకుని దారంతా అదే ఆలోచించింది. హాల్లో పెడితే కోత, అటక మీద గిన్నెలు. ఇంత ఇంట్లో ఎక్కడ పెడుతుంది?

ఆటో ఆగేసరికి కిషన్ రావు స్టూలెక్కి గేటుకు 'టు లెట్' బోర్డు కడుతున్నాడు. డాబా మీద గదిలో అద్దెకుండి చదువుకునే పిల్లలకు ఉద్యోగాలొచ్చి, పొద్దున్నే ఖాళీ చేశారు.

త్రివేణి సంచులు దించి తలెత్తింది. గది తలుపు తెరిచే ఉంది.

"బోర్డు తియ్యుండ్రి."

"ఎందుకే? ఎవరన్న దొరికిండ్రా?"

"దొరికిండ్రు."

"ఫ్యామిలీయా, బ్యాచిలరా?"

"ఒక్కతే. ఆఫీసుల జేస్తది. పుస్తకాలున్నయి."

"మంచిదే. నీకు ఎరుకైన మనిషేనా?"

"ఇప్పుడిప్పుడే ఎరుకైతుంది. తాళంచెయ్యి ఇటియ్యుండ్రి."

జేబులోంచి తాళంచెవి తీసి ఇస్తూ, అప్పుడు చూశాడు కిషన్ రావు సంచుల్ని. తర్వాత ఆమెను. స్టూలు దిగడం మర్చిపోయి, బోర్డు చేత్తో పట్టుకుని, "పేరేంది?" అన్నాడు మెల్లగా.

"త్రివేణి" అని చెప్పి, ఆమె సంచులెత్తుకుని మెట్లెక్కింది.