చెల్లెలి చెవిలో పదహారు చుక్కలు

చెల్లెలి చెవి వెనక అమర్చిన పరికరానికి పద్దెనిమిదేళ్లు. బయటి చప్పుళ్లను అది పదహారు సన్నటి తీగల ద్వారా నరానికి చేరవేస్తుంది. ఏటా ఒకసారి వాటిని సరిచూడాలి. తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. సరిచూసే ప్రోగ్రాము పాతకాలపు సిస్టమ్ మీద తప్ప నడవదు. అది ఉన్న ఒకే ఒక్క కంప్యూటరు, వినికిడి క్లినిక్‌లో, కాలిపోయింది. ఆ తర్వాత రెండు నెలలకు ఆమెకు మాటలు ముద్దముద్దగా వినబడ్డాయి. మూడో నెలలో అసలేమీ వినబడలేదు.

ఆమె టైలరు. మిషను చప్పుడు తెలియక రెండుసార్లు వేలిలోకి సూది దింపుకుంది. అన్నయ్య సర్వర్లు చూసుకునే ఉద్యోగి. "నేనున్నాగా చిట్టీ" అన్నాడు. ఆమె అతని పెదాలు చూసి గ్రహించింది.

పాత డిస్కు నకలు ఒకటి మిగిలింది. దాన్ని కొత్త కంప్యూటరులో వర్చువల్ మెషిన్‌గా నడపాలని అతని ఆలోచన.

"అంటే కంప్యూటరు కడుపులో కంప్యూటరా?" అందామె.

"అంతే."

"మరి పురుడెప్పుడు?"

క్లినిక్ నడిపే మేడమ్ మొదటిరోజే ఒక మాట అంది. "లోపలి భాగమే పోయుంటే కష్టమండీ. అక్కడ ఎముక పెరిగిపోయింది, మళ్లీ ఆపరేషన్ కుదరదు. పోయిందో లేదో చెప్పేది కూడా ఆ ప్రోగ్రామే..."

"ముందు దీన్ని నడవనివ్వండి" అని అతను అడ్డుపడ్డాడు.

డ్యూటీ దిగాక రోజూ మధ్యాహ్నం క్లినిక్ వెనకగదిలో కూర్చునేవాడు. పాత సిస్టమ్ లేచింది కానీ, చెవి పరికరంతో మాట్లాడే కార్డు దానికి కనబడలేదు. కంప్యూటరు భాగాలన్నింటినీ అదుపులో ఉంచేది కెర్నల్. అది ఆ కార్డును గుప్పిట్లో పట్టుకుని వదలలేదు. వదిలి లోపలి మెషిన్‌కు అప్పగించే ఏర్పాటే అందులో లేదు. దాన్ని చేర్చి కెర్నల్‌ను కొత్తగా కట్టాడు. కంగారులో డిస్కును నడిపే డ్రైవరు చేర్చడం మరిచిపోయాడు, కంప్యూటరే లేవలేదు. మళ్లీ కట్టాడు. ఈసారి కార్డూ డిస్కూ ఒకే జట్టులో ఉన్నాయని, విడదీయడం కుదరదని చెప్పింది. కార్డును వేరే స్లాటులోకి మార్చాడు. భార్య ఫోన్ చేసినప్పుడల్లా "అయిపోవచ్చింది" అనేవాడు. మూడు వారాలు అలాగే గడిచాయి.

ఒక మంగళవారం కార్డు కనబడింది. ప్రోగ్రాము తెరుచుకుంది. చెల్లెల్ని కూర్చోబెట్టి చెవి వెనక తీగచుట్ట ఆనించారు. తెరమీద పదహారు చుక్కలు. బదులిచ్చిన తీగ చుక్క పచ్చబడాలి.

ఒక్కటీ పచ్చబడలేదు.

మళ్లీ నొక్కాడు. కెర్నల్ రాసిన చిట్టా మొదటినుంచీ చదివాడు. జీవితంలో మొదటిసారి, ఒక్క తప్పు కనబడితే చాలనుకున్నాడు. కనబడలేదు. మేడమ్ బీరువాలోంచి, పరీక్షకని దాచిన నమూనా పరికరం తెచ్చి తగిలించింది. పదహారూ టకటకా పచ్చబడ్డాయి.

అతను చెల్లెలి వైపు తిరిగాడు. "కెర్నల్లో ఏదో తేడా ఉంది చిట్టీ. ఇంకో వారం చూస్తా."

"అన్నయ్యా, నేను మేడమ్ మొహం చూశాను" అందామె. "పెదాలు చదివేదాన్ని, మొహం చదవలేనా?"

అతను నమూనా పరికరాన్ని విప్పి పక్కన పెట్టాడు.

"ఒకటి చెప్పు. నేను మరీ గట్టిగా మాట్లాడుతున్నానా?"

వరండాలో కూర్చున్నవాళ్లంతా తలలు తిప్పి చూస్తున్నారు.

"లేదమ్మా" అన్నాడు.

తర్వాత ఆమె మాటలు తగ్గించుకుంది. కొలతలు చీటీమీద రాసి చూపించేది. అతను ఇంటికెళ్తే నవ్వేది, అంతే.

అదే రకం పరికరం ఉన్నవాళ్లు ఇంకా ఐదుగురున్నారని మేడమ్ చెప్పింది. వాళ్లకోసం అన్నయ్య ప్రతి మంగళవారం వెళ్లి మెషిన్ లేపి, వరండాలోకి వచ్చి నిలబడతాడు. ఆ ఐదుగురిలో మొదట వచ్చిన ముసలి కండక్టరు, తన దగ్గు తనకే వినబడి పకపకా నవ్వాడు. అన్నయ్య మెట్లు దిగి రోడ్డుమీదికి వెళ్లిపోయాడు.

"అంత బాధైతే మానేయండి" అంది భార్య.

"దాన్ని నడపడం ఇంకెవరికీ తెలీదుగా" అన్నాడు.

ఆ కెర్నల్‌కు ఆ తర్వాత ఒక్క మార్పూ అవసరం రాలేదు.