బోర్లించిన గ్లాసు

శనివారం వచ్చిందంటే ఓర్ఫా ట్రక్కు తీయాల్సిందే. పక్కింటి వెండెల్ పొద్దున్నే టోపీ పెట్టుకుని ఆమె ఇంటి మెట్ల మీద కూర్చునేవాడు. సరస్సు చుట్టూ ఉన్న ఊళ్లలో పాత సామాన్ల సంతలన్నీ కలిసి తిరిగేవారు. ఇద్దరూ అరవై దాటినవాళ్లు, ఇద్దరూ ఒంటరివాళ్లు. నలుగురూ నాలుగు రకాలుగా అనుకునేవారు, అనుకోనీ. వెండెల్ వెతికేది మాత్రం ఒకే ఒక్క గ్లాసు.

అవతలి ఒడ్డున ఒకప్పుడు పెనకేజ్ హౌస్ అనే పెద్ద హోటల్ ఉండేది. గుర్తుగా కొనుక్కోడానికి అక్కడ ఎర్రపూత గ్లాసులు అమ్మేవారు. పూత గీకి, కొన్నవాళ్ల పేరు చెక్కి ఇచ్చేవారు. ఆ హోటల్ కాలిపోలేదు, కూలిపోలేదు. ఒక శరత్కాలపు ఉదయం చూస్తే రాతిమెట్లు తప్ప ఏమీ లేవు. అయినా సాయంత్రం భోజనాల గంట మోగడం మానలేదు. అటకల మీదా, సంతల్లోనూ గ్లాసులు దొరుకుతూనే ఉన్నాయి, బతికున్నవాళ్ల పేర్లతో. పేరు వచ్చిందంటే అక్కడ మీకు కుర్చీ వేసినట్టే. గంట మోగే వేళకి గ్లాసు నిలబెట్టి ఉంటే నీళ్లు ఊరతాయి. తాగినవాళ్లు ఒడ్డుకు నడుస్తారు, పడవ సిద్ధంగా ఉంటుంది. ఎక్కినవాళ్లు తిరిగి రారు. వెళ్లడం ఇష్టం లేకపోతే గ్లాసు బోర్లించాలి. ఆ హోటల్లో పద్ధతే అది: బోర్లించిన గ్లాసు కనబడితే వడ్డించేవాడు దాని పక్కనున్న ఖాళీ కుర్చీ తీసేస్తాడు. అందుకే ఊళ్లో ప్రతి ఇంటి అలమరాలోనూ, పాస్టరు గారింట్లో కూడా, గ్లాసులు బోర్లించే ఉంటాయి.

వెండెల్ భార్య లెటీ మంచాన పడి, నొప్పి తట్టుకోలేక, రెండేళ్ల కిందట తన గ్లాసు తాగి వెళ్లిపోయింది. ఆ గ్లాసు వెండెల్ వంటింటి కిటికీలో ఇంకా నిలబడే ఉంది. రోజూ సాయంత్రం నిండేది, కాసేపటికి ఒక గుక్క తగ్గేది. అంచు మీద పెదాల తడి కనిపించేది. ముట్టుకుంటే మంచులా చల్లగా ఉండేది. లెటీ తన కోసం పక్క కుర్చీ ఆపి ఉంచిందని వెండెల్ నమ్మకం. ఇక తన పేరున్న గ్లాసు దొరకడమే తరువాయి.

"ఈ వారమూ రాలేదా నీ పేరు?" అన్నాడు సంతలో గాజు సామాను అమ్మే ఏమస్. "పిలుపు రాని పేరంటానికి ఎందుకయ్యా అంత తొందర?"

"నీ పేరొస్తే నేనే తెచ్చిస్తాలే, నిలబెట్టి మరీ" అన్నాడు వెండెల్.

ఓర్ఫా నవ్వలేదు.

శనివారం సాయంత్రం భోజనం ఎప్పుడూ ఓర్ఫా ఇంట్లోనే, బీన్సూ నల్లరొట్టే. ఆ రోజు ఆమె పొయ్యిలోంచి కుండ తీస్తుంటే, పళ్లేల కోసం వెండెల్ అలమరా తెరిచాడు. ఆ పనెప్పుడూ ఆమే చేసేది. సూపు గిన్నె వెనక ఎర్రగా ఏదో మెరిసింది. బోర్లించిన గ్లాసు. వెండెల్ అని పేరు.

"ఎన్నాళ్లయింది ఇది దొరికి?"

ఓర్ఫా కుండ దించింది. "పోయినేడు మంచు కరిగినప్పుడు."

"మరి నన్ను ఊరూరా ఎందుకు తిప్పావు?"

"వెతుకుతున్నంతకాలం ఇక్కడే ఉంటావని."

"దొంగముఖమా!" వెండెల్ గ్లాసు తీసుకొచ్చి బల్ల మీద టక్కున నిలబెట్టాడు. అవతలి ఒడ్డున గంట మోగింది. అడుగు నుంచి నీళ్లు ఊరడం మొదలైంది. వంటిల్లంతా సరస్సు వాసన. ఎక్కడో చాలామంది కుర్చీలు జరుపుకుంటున్న చప్పుడు.

ఓర్ఫా గ్లాసు లాక్కోలేదు. "తాగుతానంటే ఆపను. కానీ నువ్వు పోతే నాకు భయంగా ఉంటుంది వెండెల్. ఒక్కదాన్నే ఈ బల్ల ముందు కూర్చోలేను. అంతే."

అతను గ్లాసు పెదాల దాకా తెచ్చాడు. మళ్లీ దించి, నీళ్లు సింకులో పారబోసి, గ్లాసు బోర్లించాడు.

"ఇవాళ ఇక్కడ తింటాను. రేపటి సంగతి రేపు."

గంట ఆగిపోయింది. ఇద్దరూ తల వంచుకుని తిన్నారు. సగం తిన్నాక వెండెల్‌కి లెటీ గుర్తొచ్చింది. అక్కడ ఖాళీ కుర్చీ పక్కన ఎలా కూర్చుందో అని మనసు పీకింది. "ఇప్పుడే వస్తా" అని ఇంటికి పరుగెత్తాడు.

కిటికీలో లెటీ గ్లాసు బోర్లించి ఉంది. కింద గుడ్డ పొడిగా ఉంది. వెండెల్ వేలితో ముట్టుకున్నాడు. రెండేళ్లలో ఎన్నడూ లేనిది, గ్లాసు వెచ్చగా ఉంది, ఎవరో అప్పుడే చెయ్యి తీసినట్టు.

పక్క కుర్చీ తీసెయ్యమని లెటీయే చెప్పేసింది. అక్కడే నిలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు. గ్లాసు తిప్పలేదు. ముఖం కడుక్కుని తిరిగి వచ్చేసరికి ఓర్ఫా బల్ల దగ్గర నుంచి కదలనే లేదు.

"ఇంకో ముక్క రొట్టె ఉందా?" అని కూర్చున్నాడు.