ఇంటి వరస

“పళ్లెం విరిగిన వైపు అవతలికి తిప్పుకుని తినమ్మా,” అని ఆమె చెప్పేలోపే కోడలి వేలు తెగింది. ఆ పిల్ల వేలు నోట్లో పెట్టుకుని, “ఏం కాలేదులెండత్తయ్యా,” అంది. “ఆడవాళ్ల ఆకలికి అంచులతో పనేముంది!” అని నవ్వబోయి, ఆ నవ్వు సగంలో ఆమె ఆగిపోయింది. ఆ మాట తనది కాదు. ముప్ఫయ్యెనిమిదేళ్ల కిందట, ఇదే వంటింట్లో తన వేలు తెగినప్పుడు అత్తగారు అన్న మాట. అత్తగారు పోయి పదేళ్లయింది. ఆ మాట మాత్రం తన నోట్లోనే కాపురం పెట్టి, అదను చూసుకుని బయటికొచ్చింది. ఆ పూట ఆమెకి అన్నం సయించలేదు.

కొండ మీది ఆ పాత ఊరికి పేరంతా పింగాణీ వల్లే. కొండలో తవ్విన తెల్లమట్టితో చేసి, నీలిపూలు దిద్దిన పళ్లేలను ఎక్కడెక్కడి వాళ్లో కొనుక్కుపోయి గాజు బీరువాల్లో పెట్టుకుంటారు. ఆ మట్టి తొక్కిన ఆడవాళ్లు, ఆ పూలు దిద్దిన ఆడవాళ్లు మాత్రం విరిగినవాటిల్లో తింటారు. బట్టీ తెరిచిన ప్రతిసారీ ఆమె ఇంటి పెరట్లో రెండు వరసలు పేర్చేవారు. మంచివి అంగడి వరస. పగుళ్లవీ వంకరవీ ఇంటి వరస. ఇంటి వరసలో పడ్డదాన్ని మళ్లీ అంగడికి ఎక్కించకూడదన్నది మామగారి నాటి కట్టుబాటు. ఊళ్లో వాళ్ల పరువంతా దానిమీదే నిలిచింది. మగవాళ్లు తినడానికి మాత్రం అంగడి వరసలోంచే తీసేవారు. “కష్టపడేవాడు కాస్త మంచిదాంట్లో తినొద్దూ?” అనేవారు అత్తగారు. అలా అనేటప్పుడు ఆవిడ చేతులు మోచేతుల దాకా మట్టిలో ఉండేవి.

ఏది ఏ వరసో తేల్చేది ఆమె చెవి. గోటితో మీటితే మంచి పళ్లెం ఖంగుమంటుంది. కంటికి కనబడని పగులున్నది గొంతు జీరబోయినట్టు పలుకుతుంది. ఆ తేడా ఆ ఇంట్లో ఇంకెవరికీ అందదు. అయినా కొనేవాళ్ల ముందు మీటేది భర్త. ఆమె తలుపు వెనక నిలబడి, మంచిదైతే తల ఊపేది. కాపురానికొచ్చిన కొత్తల్లో ఒకసారి, “అది పగిలిందండీ,” అని పైకే అంది. వాళ్లు వెళ్లాక ఆయన, “నలుగురిలో నా చెవులు కోసి చేతిలో పెడతావా?” అన్నాడు. అంతే, ఆ తర్వాత నోరు లేదు, తలే. ఆయన పోయి రెండేళ్లయింది. ఇప్పుడు కొడుకు, “మా నాన్న చెవి నాకొచ్చిందండీ,” అని వచ్చినవాళ్లతో గొప్పగా చెప్పి, మీటి, తలుపు వైపు చూస్తాడు. చెవి తండ్రిదట, ఊపే తల మాత్రం తల్లిది! ఇన్నేళ్లు ఊపీ ఊపీ ఈ తల మెడ మీద ఎలా నిలిచిందా అని ఆమెకి ఒళ్లు మండింది. తన మీద తనకి ఇంకా మండింది. ఇంటి వరస పేర్చిందీ తనే, అందులోంచి తీసి కోడలి చేతిలో పెట్టిందీ తనే.

మర్నాడు మధ్యాహ్నానికి బట్టీ చల్లారింది. పెద్ద పళ్లెం కోసం మ్యూజియం అధికారి స్వయంగా వచ్చి పెరట్లో కుర్చీ వేయించుకున్నాడు. అత్తాకోడళ్లు నెల రోజులు నడుములు పడిపోయేలా వంగి పూలు దిద్దిన పళ్లెం అది. మ్యూజియంలో దాని కింద పెట్టే చీటీ మీద కొడుకు పేరు అప్పుడే అచ్చయిపోయింది.

కొడుకు పళ్లెం ఎత్తి మీటాడు. పెరడంతా ఖంగుమంది. అంత నిండుగా పలికే పళ్లెం ఆ బట్టీలోంచి ఇంతవరకూ రాలేదు. కొడుకు తలుపు వైపు చూశాడు.

ఆమె తల ఊపలేదు.

మళ్లీ మీటాడు. మళ్లీ చూశాడు. ఆమె రెప్ప వేయకుండా వాడినే చూస్తూ నిలబడింది. వాడు సొంత చెవితో వింటాడేమో చూద్దామనుకుంది.

“నా చెవికైతే బాగానే ఉంది మరి,” అన్నాడు అధికారి.

“మీకు తెలీదులెండి. దీనికి మా నాన్న చెవి కావాలి.” కొడుకు నుదురు తుడుచుకున్నాడు. “లోపలెక్కడో పగులుంది. పనికిరాదు.” పళ్లెం తీసుకెళ్లి తన చేత్తోనే ఇంటి వరసలో పెట్టాడు.

అప్పుడామె గుమ్మం దాటి వచ్చింది. పళ్లెం తీసి, అధికారి ఎదురుగా నిలబడి మీటింది. “పగుల్లేదండీ. ముప్ఫయ్యెనిమిదేళ్లుగా వింటున్నాను, ఇంత మంచిది రాలేదు.”

కొడుకు మొహం మాడిపోయింది. “మరి తల ఊపలేదేమే అమ్మా?”

“మీ నాన్న చెవి ఏం చెబుతుందో విందామనిరా.”

అధికారి నవ్వాపుకుంటూ చేతులు చాచాడు. “అయితే ఇలా ఇప్పించండమ్మా.”

“ఇంటి వరసలో పడ్డది ఇక ఇంటిదేనండీ. మా కట్టుబాటు. మావాడే పెట్టాడుగా, మీరూ చూశారు. మీకింకోటి దిద్దుతాం. ఈసారి చీటీ మీద దిద్దినవాళ్ల పేర్లు వేయించుకు రండి, మంచిదో కాదో నేనే పైకి చెబుతాను.”

“అమ్మా, నా పరువు...”

“దాని సంగతి అన్నాలయ్యాక చూద్దాం. ఆకలేస్తోంది.”

వంటింట్లో కోడలి ముందు ఆ పళ్లెం పెట్టి, అన్నం వడ్డించింది. కోడలు దాన్ని రెండు చేతులతో పట్టుకుని నెమ్మదిగా ఒక చుట్టు తిప్పింది. ఇంకో చుట్టు తిప్పింది, ఏ వైపు అవతలికి పెట్టుకోవాలో తెలియక.