గునపం మిగిల్చిన దరువు

స్తంభం రోజూ మధ్యాహ్నం భోంచేసి, తిన్న ఒక్క కంచం, తాగిన ఒక్క గ్లాసు కడిగి బోర్లించి, దర్జీ ఆవిడ కొట్టు పైనున్న గదికి వెళ్ళి కూర్చునేవాడు. అసలు పేరేదో ఉంది గానీ, పేరుమోసిన మెలోడీ బ్యాండులో ఇరవై ఏళ్ళుగా వెనక వరసలో కదలకుండా నిలబడి బేస్ గిటారు వాయిస్తున్నాడు కాబట్టి అందరికీ అతను స్తంభమే. ఆ పాటల్లో అతని వాటా మహా అయితే నాలుగు స్వరాలు. నిద్రలో కూడా వాయించగలడు. ఒకటి రెండుసార్లు వాయించాడు కూడా.

గదిలో చేసే పనేం లేదు. చెప్పులు విప్పి, గోడకి వీపు ఆనించి, చెక్కనేల మీద అరచేతులు పెట్టుకునేవాడు. నేలలో దరువు నడుస్తూ ఉండేది.

ఆ దరువు డ్రమ్మరుది. అతనిదీ పెద్ద బ్యాండే, ఇంకొకటి. ఒకసారి టీవీ స్టూడియోలో వంతు కోసం కూర్చుని కూర్చుని విసుగెత్తి డ్రమ్మరు ఎదురుగా ఉన్న కుర్చీని బాదడం మొదలుపెట్టాడు. స్తంభం గిటారు అందుకున్నాడు. వాళ్ళలాగే వంతు కోసం కూర్చున్న, జోలపాటల్లాంటి ప్రేమపాటలకి పేరుపడ్డ గాయని ఉన్నట్టుండి గొంతు చించుకుని అరిచింది. ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. వారం తిరక్కుండా ఈ గది అద్దెకి తీసుకుని హార్డ్ రాక్ బ్యాండు పెట్టేశారు. పేరు గునపం.

ఆ కొన్ని నెలలూ స్తంభం కదిలాడు. ఎగిరాడు. ఓ పాటలో మోకాళ్ళ మీద పడి లేవలేకపోతే గాయని చెయ్యిచ్చి లేపింది. ప్రదర్శన మాత్రం ఒక్కటే ఇచ్చారు. ప్రేమపాటల కోసం వచ్చినవాళ్ళు చెవులు మూసుకుని వెళ్ళిపోయారు.

తర్వాత గాయని గొంతు జీరబోయింది. "ఇది పోతే నేనేం తిని బతకాలి?" అని కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయింది. ఆ నెలలోనే డ్రమ్మరుకి అతని పాత బ్యాండు నుంచి పిలుపొచ్చింది.

"మన వయసుకి ఇలాంటి ఆటలేంట్రా," అన్నాడు డ్రమ్ములు సంచుల్లో సర్దుతూ.

"ఆటా? నీకిది ఆటేనా అన్నా?"

డ్రమ్మరు ఇంకో సంచి జిప్పు లాగాడు. స్తంభం నోటికొచ్చిందల్లా అన్నాడు, అనకూడనివి కూడా. డ్రమ్మరు అన్నీ విని, సామానంతా వ్యానెక్కించుకుని పోయాడు. దరువు మాత్రం నేలలోనే ఉండిపోయింది.

దానికెవరూ ఆశ్చర్యపోలేదు. గది అద్దెకిచ్చిన ఇంటాయన వచ్చి, చెక్కలేమైనా వదులయ్యాయేమో చూసుకుని వెళ్ళాడు. కింద దర్జీ ఆవిడ ఆ లయకే మిషను తొక్కేది. "చప్పుడుంటే తోడున్నట్టుంటుందండీ," అనేది. స్తంభానికీ అంతే. ఫోనులో డ్రమ్మరు నంబరు తీసి చూసుకునేవాడు. తిట్టినవాడు ముందు పలకరించాలా, తిట్లు తిన్నవాడా? అది తేలక రోజులు దొర్లిపోయాయి.

ఒకరోజు మెట్లెక్కబోతుంటే దర్జీ ఆవిడ కేకేసింది.

"ఏవండీ, మీ డ్రమ్మరు గారికేమైంది? పొద్దున్నుంచీ నా కుట్టు వంకర పోతోంది. ఇదిగో, రెండు జేబులు పాడయ్యాయి."

"ఆయనిక్కడెక్కడ ఉన్నాడమ్మా?"

"నేలలో ఉన్నాడుగా. కుంటుతున్నాడు."

స్తంభం పైకెళ్ళి అరచేతులు ఆనించాడు. దరువు నాలుగడుగులు నడిచి ఆగుతోంది. తడుముకుంటోంది. మళ్ళీ నడుస్తోంది. డ్రమ్మరు కోపంలో వాయించడం తెలుసు, అలసిపోయి వాయించడం తెలుసు. ఇది ఆ రెండూ కాదు. చెప్పులు కూడా తొడుక్కోకుండా పరుగెత్తాడు.

డ్రమ్మరు ఇంటి తలుపు లోపల్నుంచి వేసుంది. ఎంత కొట్టినా పలుకు లేదు.

"నిన్ననే ఊరినుంచి వచ్చాడండీ, పడుకున్నాడేమో," అన్నాడు పక్కింటాయన.

"పడుకోలేదు. ఓ చెయ్యి వెయ్యండి!"

ఇద్దరూ మోదితే గడియ ఊడింది. వంటింటి గుమ్మంలో డ్రమ్మరు పక్కకి ఒరిగి పడున్నాడు.

ఆస్పత్రిలో డాక్టరమ్మ, "గుండెపోటు. సమయానికి తెచ్చారు. మీరేమవుతారు?" అని అడిగింది.

"తమ్ముణ్ణి," అన్నాడు స్తంభం.

రెండోరోజు డ్రమ్మరు కళ్ళు తెరిచి, పైకప్పుని చూసి, తర్వాత అతన్ని చూశాడు.

"నీకెవరు చెప్పార్రా?"

"తాళం తప్పావు అన్నా."

"నేనా?" డ్రమ్మరు మొహంలోకి కాస్త రంగొచ్చింది. "ఎవణ్ణైనా అడుగు!"

"దర్జీ ఆవిణ్ణి అడిగాను. జేబులు చూపించింది."

డ్రమ్మరు నవ్వబోయి ఛాతీ పట్టుకున్నాడు. నొప్పి తగ్గాక కిటికీ వైపు తిరిగి, "అక్కడే పడుంటే ఎన్నాళ్ళకి చూసేవాళ్ళో," అన్నాడు.

స్తంభం అతని కాళ్ళ మీద దుప్పటి సర్దాడు. చూడ్డానికి వచ్చినవాళ్ళు వెళ్ళాలని గంట కొట్టారు. లేచాడు.

"రేపొచ్చేటప్పుడు ఏమైనా తేనా?"

"ఏం వద్దు. ఊరికే వచ్చి కూర్చో."

స్తంభం గుమ్మం దాకా వెళ్ళాడు. నర్సు అటు తిరగడం చూసి, వెనక్కొచ్చి, కుర్చీని చప్పుడు కాకుండా మంచం దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు.