కోబె హోటల్లో కాగిన డప్పు

నేను ఒక డప్పును. మర్యాదకని నన్ను చర్మవాయిద్యం అనకండి. ఆ మాట అనేవాళ్లు మూడడుగుల దూరంలో నిలబడి మరీ అంటారు. వేపచెక్క చట్రం, మేకతోలు, చింతగింజల బంక, వెనక ఒక ఇనుప కడియం. ఇంతే నేను. ఇందులో సిగ్గుపడాల్సింది ఎక్కడుందో నలభై ఏళ్లుగా వెతుకుతున్నాను, ఇంకా దొరకలేదు.

నన్ను చేసింది మెదక్ దిక్కు మనిషి, గంటెల పోచయ్య. తోలు సున్నంలో నానేసి, బొచ్చు గీకి, నలుగురు పట్టి లాగాల్సినదాన్ని ఒక్కడే లాగి బిగించాడు. ఎండ తగిలితే ఎక్కడ చిట్లుతుందోనని, ఆరినంతసేపూ నీడ జరిగినప్పుడల్లా నన్నూ జరుపుతూ పక్కనే కూర్చున్నాడు. ఆయన చేతుల్లో ఇరవై ఏళ్లు మోగాను. మనుషుల తమాషా ఆ రోజుల్లోనే చూశాను. నేను ముందు నడవందే పెళ్లి కదలదు, శవం లేవదు, జాతర మొదలవదు. ఊరేగింపు గుమ్మం చేరగానే మాత్రం నన్నూ పోచయ్యనూ వీధిలోనే నిలబెట్టేసేవాళ్లు. నా మోత గోడ దాటి వాళ్ల నట్టింట్లోకి వెళ్లేది. దాన్ని బయటే ఉండమని ఎవరూ అనలేకపోయారు.

పోచయ్యకు ఊపిరితిత్తుల జబ్బు చేశాక, కొడుకు నర్సింలు నన్ను ప్లాస్టిక్ సంచిలో కట్టి అటకెక్కించాడు. "గిది పట్టుకొని తిరిగితే కంపెనీల నాకు ఇజ్జతుండదు" అన్నాడు. అతన్ని నేను తప్పు పట్టను. ఆ మాట అతనికి నేర్పినవాళ్లు వేరే ఉన్నారు. కానీ పోచయ్య పోయిన పొద్దున, ఊరందరి పాడెల ముందూ మోగించినవాడి పాడె ముందు మోగించేవాడు లేకుండా పోయాడు. అప్పుడు కూతురు లసుమమ్మ నిచ్చెన వేసుకుని ఎక్కి నన్ను దింపింది. ఆడది డప్పు పట్టడమేమిటని పెద్దలు గొణిగారు. ఆమె గడ్డి మంట వేసి నన్ను కాచింది, కొంగు బిగించి కొట్టింది. రెండుచోట్ల దరువు తప్పింది. ఆగలేదు. ఆనాటి నుంచి నేను ఆమెదాన్ని.

పన్నెండేళ్లు సభల్లో, ఊరేగింపుల్లో కలిసి తిరిగాం. ఆమెకు యాభై నిండిన ఏడు, జపాన్‌లోని కోబె నగరానికి వెళ్లే కళాబృందంలో ఆమె పేరూ వచ్చింది. బృందం నాయకుడు పరాంకుశంగారు. ఇరవై ఏళ్ల నాట్యం అమ్మాయిలను "మీరు" అనేవారు. లసుమమ్మను "నువ్వు" అనేవారు.

మమ్మల్ని దింపిన హోటలు భలే వింత. బయట రైలు వంతెన, పక్కన నూడుల్స్ దుకాణం, మీద ముసురు పట్టిన జూన్ వాన. తలుపు తోసుకుని లోపలికెళ్తే యూరప్! పాలరాతిలా కనిపించే సుద్దబొమ్మలు, బంగారు రంగు పూసిన కుర్చీలు, పైకప్పుకు గీసిన మబ్బులు, మా గదిలో కిటికీ లేని గోడ మీద కిటికీ బొమ్మ, అందులో సరస్సు, హంసలు. అక్కడ పని చేసేవాళ్లలో చాలామంది ఆ సరస్సును చూసి ఎరగరు. అయినా దాన్ని రోజూ తుడిచి మెరిపించేవాళ్లు. తమది కానిదాన్ని అంత శ్రద్ధగా నిలబెట్టే మనుషులు, తమదైన దాన్ని మాత్రం ఎందుకు అటకెక్కిస్తారో నాకు ఎప్పుడూ అంతుపట్టదు.

ప్రదర్శన ఆ హోటలు హాల్లోనే, సాయంత్రం నాలుగింటికి. పొద్దున లసుమమ్మ నన్ను సంచిలోంచి తీసి వేలితో మీటింది. తడిసిన గోనెసంచిని కొట్టినట్టు 'బొద్' మన్నాను. వాన తేమకు నా తోలు వదులైపోయింది. వేడి తగిలితే తప్ప పలకను.

గదిలో ఒక పొయ్యి ఉంది. ఎర్రగా మండుతోంది కూడా. లసుమమ్మ సంబరపడి నన్ను దాని ముందు పట్టింది. అరగంటైనా వెచ్చదనం లేదు. వంగి చూస్తే అది కరెంటు దీపం, ఆ వెలుగులో ఊగే గుడ్డపీలిక. తల ఆరబెట్టుకునే మిషన్ పెట్టి చూసింది. అదీ చాల్లేదు.

అంతలో పరాంకుశంగారు వచ్చారు. ఆయన చేతిలో తెల్లటి ఫైబర్ డప్పు.

"ముందుజాగ్రత్తగా ఇది తెచ్చాను. వానకైనా ఎండకైనా ఒకటే మోత. నీది రెండు నిమిషాలేగా లసుమమ్మా, దీంతో కానిచ్చెయ్. ఆ తోలు వాసన లిఫ్టు దాకా వస్తోంది. వీళ్లసలే శుభ్రమైన మనుషులు."

"సారూ, గది మా నాయిన చేసిన డప్పు. తోలు తోలువాసనే వస్తది. నేను దీన్నే కొడ్త."

"అది మోగదు కదా! మూడింటికి నాకు చెప్పు. ఫైబర్‌ది పట్టుకోనంటే నీ అంశం తీసేస్తాను."

ఆయన వెళ్లాక లసుమమ్మ కాసేపు మంచం అంచున కూర్చుంది. ఏడుస్తుందేమో అనుకున్నాను. లేచి నన్ను చంకన పెట్టుకుని మెట్లు దిగడం మొదలుపెట్టింది. "ఇంత పెద్ద ఇంట్ల నిప్పు యాడనో ఒకాడ ఉంటది" అని తనలో తనే అనుకుంటూ, నేలమాళిగ దాకా దిగింది.

అక్కడ యూరప్ లేదు. ఆవిరి, సబ్బు వాసన, కొండలా దుప్పట్లు. ఇస్త్రీ యంత్రం దగ్గర అరవై దాటిన మనిషి ఒకడు పని చేస్తున్నాడు. చొక్కా మీద కుట్టిన పేరు ఇవామోతొ అని తర్వాత తెలిసింది. ఆమెను చూసి వంగి దణ్ణం పెట్టాడు. ఆ తర్వాత నన్ను చూశాడు. చూసి, చేతిలో గుడ్డ వదిలేశాడు.

ఫోన్ తీసి దానిలో ఏదో చెప్పాడు. దిగినవాళ్ల భాష ముందే తెలుసేమో, ఫోన్ తెలుగులో పలికింది: "క్షమించుము. నేను ఈ చర్మమును తాకవచ్చునా?"

లసుమమ్మకు నవ్వొచ్చింది. "చర్మం గాదన్నా, తోలు. పట్టి సూడు."

అతను ముట్టుకున్న తీరు నాకు తెలిసిపోయింది. వేలి కణుపుతో అంచు చుట్టూ తట్టి వదులు ఎక్కడుందో చూశాడు. తర్వాత చెంప ఆనించాడు. పోచయ్య తర్వాత నాకు ఎవరూ చెంప ఆనించలేదు. అతను ఆగి ఆగి మాట్లాడుతుంటే ఫోన్ చెప్పుకుపోయింది. వాళ్ల తాత తోళ్లు శుద్ధి చేసి డోళ్లకు బిగించేవాడట. ఆ పని చేసేవాళ్లకు పిల్లనిచ్చేవాళ్లు కాదట, పక్కన కూర్చోనిచ్చేవాళ్లు కాదట. తండ్రి ఊరు మారి ఆ సంగతి దాచేశాడు. "నేనును ముప్పది సంవత్సరములుగా ఇచ్చట ఎవరికిని చెప్పలేదు" అంది ఫోన్.

లసుమమ్మ కళ్లు పెద్దవయ్యాయి. "మీ దేశంల సుత ఉన్నదా గిది?" అంది. ఫోన్ దాన్ని ఏమని చెప్పిందో గానీ అతను తల ఊపాడు.

బల్లగుడ్డలు ఆరేసే వేడిగదిలో నన్ను తాడుకు వేలాడదీసి, చిట్లకుండా తిప్పుతూ తిప్పుతూ కాచాడు. నా ఒళ్లు బిగిసింది. లసుమమ్మ ఒక్క దెబ్బ వేసింది. 'ఠంగ్!' గోడలు అదిరాయి. ఇద్దరూ పిల్లల్లా నవ్వారు.

మూడింటికి ఆమె పైకి వెళ్లి, ఫైబర్‌ది పట్టనని చెప్పొచ్చింది. నాలుగింటికి మేం కౌంటరు ఎదురుగా ఉన్న హాలు తలుపు దగ్గరికి వెళ్లేసరికి పరాంకుశంగారు, నల్లకోటు మేనేజరు అడ్డంగా ఉన్నారు.

"జాబితాలోంచి తీసేశాను. నలుగురిలో నా పరువు తియ్యకు, గదికి వెళ్లు."

"తీసేస్తె తీసేస్కోర్రి సారూ. నేనైతే పోను."

మేనేజరు చూపు ఆమె వెనక్కి పోయింది. చాకిరీ బట్టలతో ఇవామోతొ నిలబడి ఉన్నాడు. ఆ బట్టలతో అతిథుల వైపు రాకూడదన్నది వాళ్ల పద్ధతి. మేనేజరు కటువుగా ఏదో అడిగాడు. ఇవామోతొ నన్ను చూపిస్తూ, కౌంటరు అమ్మాయిలకు కూడా వినపడేలా జపాన్ భాషలో చెప్పాడు. తర్వాత ఫోన్ దాన్నే తెలుగులో చదివింది:

"ఇది మంచి చర్మము. నాకు తెలియును. నా పితామహుడు చర్మకారుడు. నేను ఆయన మనుమడను."

కౌంటరు దగ్గర ఒక అమ్మాయి చేతిలో తాళం చెవులు అలాగే ఆగిపోయాయి. మేనేజరు నేలచూపులు చూశాడు. పరాంకుశంగారికి అర్థమైంది, అర్థం కానట్టు నిలబడ్డారు. ఇవామోతొ ఫోన్ జేబులో పెట్టుకుని అక్కడే నిలబడ్డాడు. ముప్పై ఏళ్లు దాచింది ఒక్క నిమిషంలో బయట పడేశాడు.

లసుమమ్మ ఇంక ఎవరినీ అడగలేదు. నన్ను భుజానికెత్తి, ఆ తలుపు దగ్గరే దరువు ఎత్తుకుంది. అలా కొడుతూనే వాళ్లిద్దరి మధ్యలోంచి లోపలికి నడిచింది. వేదిక మీద ఎవరో మాట్లాడుతున్నారు, మాట ఆపేశారు. బంగారు కుర్చీల మధ్య నుంచి, సుద్దబొమ్మల పక్క నుంచి, అడుగు వేస్తూ ఎగురుతూ ఆమె వెళ్తుంటే, నా జీవితంలో ఎన్నడూ మోగనంత మోగాను. వీధిలో నిలబెట్టిన పూటలన్నీ ఆ దెబ్బల్లో ఉన్నాయి. రెండు నిమిషాలు కాదు, పదకొండు నిమిషాలు. ఆపమనే ధైర్యం ఎవరికీ లేకపోయింది. ఇవామోతొ చాకిరీ బట్టలతోనే ముందు వరసలో ఖాళీ కుర్చీలో కూర్చుని విన్నాడు.

ఆ తర్వాత లోకం తలకిందులైందని చెప్పను. పరాంకుశంగారి నివేదికలో మా పేరు లేదు. మళ్లీ ఏ బృందంలోకీ పిలుపు రాలేదు. అక్కడ ఇవామోతొ పలకరింపులకు కొందరు జవాబివ్వడం మానేశారట. కౌంటరు దగ్గరి అమ్మాయిల్లో ఒకరు మాత్రం పనిగట్టుకుని నేలమాళిగకు దిగి, మీ తాతగారి పని ఎలా ఉండేదో చెప్పమని అడిగిందట. ఇవన్నీ ఫోన్‌లోనే తెలిశాయి. దాని తెలుగు ఇంకా బాగుపడలేదు.

ఈ చలికాలం అతను ఒక తోలు కొన్నాడు. అరవై రెండేళ్ల వయసులో, తాత పని ఎన్నడూ చేసి ఎరగని చేతులతో, చట్రానికి బిగించడం మొదలుపెట్టాడు. మొదటిది చినిగిపోయింది. రెండోది ముడతలు పడింది. "నాకు నేర్పువారు లేరు" అని సందేశం పెట్టాడు. లసుమమ్మ తండ్రి చేస్తుండగా చూసిందంతా గుర్తు చేసుకుని, బంక ఎంత చిక్కగా ఉండాలో, తోలు ఎటు నుంచి ఎటు లాగాలో, నన్ను ఒళ్లో పెట్టుకుని నా అంచులు చూపిస్తూ వీడియోలు తీసి పంపింది.

నిన్న పొద్దున అతని ఫోన్ వచ్చింది. తెర మీద అతను, అతని ఒళ్లో మూడో డోలు. బెదురుతూ ఒక దెబ్బ వేశాడు. మోత సన్నగా, ఒక పక్కకు ఒరిగి వచ్చింది. తలెత్తి లసుమమ్మ ముఖంలోకి చూశాడు.

"మల్ల కొట్టు" అంది లసుమమ్మ. "ఇరుగు పొరుగు ఇననియ్యి. గట్టిగ కొట్టు."